శనివారం బీరు పోయని కొట్టు

దానికి ఇంగ్లీషులో ఒక పేరుండేది, గాజు తలుపు మీద నీలం లైట్లతో. ఆ పేరుతో మేమెవరమూ పిలవలేదు. మా ఆడవాళ్ళకి బారు అనడానికి నోరు రాదు, పబ్బు అంటే ఇంకా ఏదోలా ఉండేది. అందుకని అంకుల్ కొట్టు అనేవాళ్ళం. ఫోన్లో మా అత్తగారు "అబ్బాయేడమ్మా?" అని అడిగితే "కొట్టుకెళ్ళారండీ" అని చెప్పేదాన్ని. ఉప్పూ పప్పూ తేవడానికి వెళ్ళాడనుకుని ఆవిడ మురిసిపోయేది.

సింగపూర్లో బూన్ లే దగ్గర ఫ్లాట్ల మధ్య షాపుల వరసలో, ఒక టైలరుకీ ఒక పళ్ళ డాక్టరుకీ నడుమ ఉండేది. నాలుగైదు బల్లలు, ఒక పొడుగాటి కౌంటరు, వెనకాల ఇద్దరు నిలబడితే మూడో మనిషి పట్టని వంటగది. కంప్యూటర్లలో సంవత్సరానికి రెండంకెలు చాలవు, రెండువేలు వచ్చేలోగా అన్నీ మార్చెయ్యాలని లోకమంతా కంగారుపడుతున్న రోజులవి. ఆ కంగారు పుణ్యమా అని మా ఆయనలాంటి వాళ్ళు గుంపులు గుంపులుగా సింగపూర్లో దిగారు. మేం జురాంగ్ వెస్ట్‌లో ఒక ఫ్లాట్‌లో ఒక గది తీసుకుని కాపురం పెట్టాం. పగలంతా ఆయన ఆఫీసులో, నేను ఆ గదిలో, కిటికీ అవతల ఎదురు బ్లాకు.

సింగపూర్ పని కుదిరిన రోజున నేను తిరుపతి వెంకన్నకి మొక్కుకున్నాను, ఈయన శనివారాలు చుక్క ముట్టడని. మొక్కింది నేను, మానాల్సింది ఆయన. పెళ్ళయిన కొత్త కదా, పాపం ఎదురు చెప్పలేదు. అలాంటిది, ఎవరో తెలుగాయన బారు తెరిచాడని, మా ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడని ఒక శనివారం సాయంత్రం పక్కగది కుర్రాడు వచ్చి చెప్పాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పొయ్యి మీది పప్పు దింపేసి, చెప్పులేసుకుని బయల్దేరాను.

తలుపు తోసిన ఊపుకి లోపలున్నవాళ్ళంతా తిరిగి చూశారు. మా ఆయన చేతిలో ఇంత పొడుగు బీరు మగ్గుంది. దాన్నిండా మజ్జిగ, పైన కరివేపాకు తేలుతోంది. పక్కవాళ్ళ ముందు టీ కప్పులు. కొట్టు కిటకిటలాడుతోంది, ఒక్కళ్ళూ తాగడంలేదు. కౌంటరు వెనక తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన బిక్కమొహం వేసుకుని నిలబడున్నాడు. నన్ను చూడగానే, ఈవిడైనా చెబుతుందన్నట్టు అడిగాడు.

"ఏటమ్మా, ఇయ్యాల ఎవులైనా పోనారేటి? ఒచ్చినోడల్లా టీ అడుగుతాడు!"

నేను పోట్లాడదామని వచ్చి పకపకా నవ్వేశాను. అంకుల్ని చూడడం అదే మొదటిసారి.

అంకుల్ తాతగారు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లోకి వచ్చిన మనిషి. అంకుల్ కుర్రతనంలోనే సింగపూర్ వచ్చి ఒక పెద్ద హోటల్ బార్లో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే గ్లాసుల్లో పోశాడు. ఆంటీ తమిళావిడ. కూతురు ఏం చెప్పినా "కెన్ లా, పా" అనేది, సరేలే నాన్నా అని, అంతే. అంకుల్ తెలుగంటూ మాట్లాడితే తన తల్లితోనే. ఆవిడ పోయాక ఏళ్ళ తరబడి ఆయన నోట తెలుగు ముక్క రాలేదట. ఉన్న కాస్త తెలుగులో కూడా సగం అరవం, పైన చిటికెడు మలయ్.

"మా అమ్మ పోనాక నా మాట పడుకుండిపోనాదమ్మా," అన్నాడొకసారి. "మీ కుర్రగుంటలు ఇంతమంది దిగినారని తెలిసి, నాకు ఒచ్చిన పని ఈ బారొక్కటే గదా, ఇది పెట్టీసినాను. ఏడాది నడిస్తే సాలు. ఏడాది తెలుగు ఇంటాను."

ఆయన కోరిక అంతే. తెలుగు వినబడుతూ ఉండాలి, ఆ కొట్టు నిలబడాలి. అయితే తెలుగువాళ్ళని నమ్ముకుని బారు పెట్టినవాడికి తెలుగువాళ్ళ సంగతి తెలియలేదు. హోటల్లో శనివారమంటే గ్లాసు కింద పెట్టే తీరిక ఉండదు. ఇక్కడ శనివారం వెంకన్నది. మంగళవారం ఆంజనేయుడిది. గురువారం బాబాది, శుక్రవారం అమ్మవారిది. సోమవారం శివుడికి ఉపవాసమనేవాళ్ళు కొందరు. ఉన్న వారాలన్నీ మనవాళ్ళ దేవుళ్ళకి పంచగా, కొట్టుకి మిగిలేది ఒకటో రెండో. బుధవారం ఖాళీయే గాని బుధవారం మావాళ్ళు ఆఫీసులో అర్ధరాత్రి దాకా ఆ రెండంకెల్ని నాలుగంకెలు చేస్తూ ఉండేవాళ్ళు.

పోనీ తాగని రోజు ఇంట్లో పడుంటారా అంటే, ఉండరు. ముద్దొచ్చేది అదే, ముంచేదీ అదే. తాగకపోయినా వచ్చి కూర్చునేవాళ్ళు. అంకుల్ ఎవరేమిటో అడిగి తెలుసుకుని మనసులో పెట్టుకున్నాడు. ఎక్కడా రాసుకోలేదు. మంగళవారం ఒకతను తలుపు తీస్తే "నీకు టీయే గదా, సరి సరి, కూకో" అనేవాడు. ఎవరైనా కొత్తవాడొస్తే ముందు "ఏటి తాగుతావు" అని అడగడు, "ఏ వారం తాగవు" అని అడిగేవాడు.

ఆ మజ్జిగ మగ్గు చూసిన దగ్గర్నుంచి నాకు ధైర్యం వచ్చింది. నేను వెళ్తే ఇంకో ఇద్దరు వచ్చారు, వాళ్ళతో పిల్లలు వచ్చారు. శనివారం సాయంత్రాలు అది మా పేరంటం అయిపోయింది. నీసు తినని రోజు కాబట్టి నెత్తళ్ళ వేపుడు పక్కన పెట్టి, ఆంటీ ఉల్లిపాయ పకోడీ వేసేది. నేను వంటగదిలో దూరి పిండి కలిపేదాన్ని. ఆవిడ అరవం నాకు రాదు, నా తెలుగు ఆవిడకి రాదు. "కొంచెం సాల్ట్ మా", "చాలు ఆంటీ" అనుకుంటూ బోలెడు కబుర్లు చెప్పుకున్నాం. బయట పిల్లలు బాణాల బోర్డు కింద ఆడుకునేవాళ్ళు. అంకుల్ గ్లాసులు తుడుస్తూ ఒక బల్ల దగ్గర్నుంచి ఇంకో బల్లకి చెవి మార్చుకుంటూ తిరిగేవాడు. గుంటూరు మాట వినబడితే ఒక నవ్వు, కరీంనగర్ మాట వినబడితే ఇంకో నవ్వు. ఆ గదిలో ఒక్కదాన్నీ కుమిలిపోయిన నన్ను మళ్ళీ మనిషిని చేసింది ఆ శనివారాలే. ఆ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

దీపావళి వెళ్ళింది, కార్తీకం వచ్చింది. ఇంక చెప్పేదేముంది. అంతవరకు అడపాదడపా తాగినవాళ్ళు కూడా నెలంతా చెంపలేసుకున్నారు. షిప్‌యార్డులో వెల్డింగ్ చేసే కరీంనగర్ తమ్ముడొకడు ఆదివారం ఆదివారం క్రమం తప్పకుండా వచ్చేవాడు. అతను అయ్యప్ప మాల వేసుకున్నాడు. పనిలో బూట్లు తప్పవు కాబట్టి గేటు దాటగానే విప్పి చేత్తో పట్టుకుని, నల్లబట్టల్లో ఒట్టికాళ్ళతో నడిచొచ్చేవాడు. దీక్షలో ఉండి బార్లో అడుగుపెట్టకూడదు కదా, గుమ్మం బయట మెట్టు మీద కూర్చునేవాడు.

"లోపలికి రాను అంకుల్, దీక్షల ఉన్న. గీడనే కూసుంట. మీరు మాట్లాడుతుంటె వింట."

అంకుల్ అతని కోసం కొత్త స్టీలు గ్లాసు కొని, టీ పోసి, మెట్టు దాకా తీసుకెళ్ళి "స్వామీ" అని ఇచ్చేవాడు. బారు నడిపే మనిషి మెట్టు మీద ఉన్న స్వామికి టీ పోస్తుంటే దారిన పోయే చైనా ముసలాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

ఒకరోజు పకోడీ వేస్తూ వేస్తూ ఆంటీ పొయ్యి తగ్గించింది. "బీర్ నో సెల్, రెంట్ హౌ? హి వోంట్ టెల్ యు ఆల్, మా. దిస్ మంత్ లైక్ దట్, నెక్స్ట్ మంత్ క్లోజ్ లా." మళ్ళీ పొయ్యి పెద్దది చేసింది. వాళ్ళాయన ఎంత ఇష్టపడి పెట్టాడో ఆవిడకి తెలుసు. నేను చేతులు పిండిలో ఉంచుకుని అలాగే నిలబడిపోయాను. టీలూ మజ్జిగా అమ్మి ఎవరైనా బారు అద్దె కట్టగలరా? అన్నాళ్ళూ మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు.

మర్నాడు మా గదిలో ఆడవాళ్ళం సమావేశమయ్యాం. మొగుళ్ళ చేత తాగుడు మాన్పించడానికి మొక్కుకున్నవాళ్ళమే అందరం. ఇప్పుడు వాళ్ళ చేత ఎలా తాగించాలా అని కూర్చుని ఆలోచించాం. మా అమ్మ చూస్తే నన్ను కొట్టి ఉండేది. చివరికి శనివారం మొక్కునే వదులుకోవాలని తేలింది, ఎందుకంటే అందరూ తీరిగ్గా వచ్చేది ఆరోజే. కార్తీకం వెళ్ళగానే మొదటి శనివారం.

మా ఆయనకి చెబితే తెల్లమొహం వేశాడు. "కళ్ళు పోతాయే!"

"మొక్కింది నేను. ఆ దేవుడితో నేను మాట్లాడుకుంటాను. నువ్వు నోర్మూసుకుని తాగు," అన్నాను. తాగమన్నందుకు పెళ్ళాంతో దెబ్బలాడిన మగాడు ఆయనొక్కడే అయ్యుంటాడు.

ఆ శనివారం కొట్టు నిండిపోయింది. మేమంతా ఒక పక్క నిలబడి మొగుళ్ళకి సైగలు చేస్తున్నాం. మా ఆయన గొంతు సవరించుకుని "అంకుల్, బీరు" అన్నాడు. పక్కాయన "నాకూ" అన్నాడు. వరసగా అందరూ అన్నారు. ఒక్కడి గొంతులోనూ బలం లేదు. అంకుల్ అందరి మొహాలూ చూశాడు. మా వైపూ చూశాడు. ఆంటీ వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన లోపలికెళ్ళి, ట్రే నిండా టీ కప్పులు పట్టుకొచ్చి ఒక్కొక్కళ్ళ ముందూ పెట్టాడు.

"ఇయ్యాల మీరు తాగరు," అన్నాడు.

"పర్లేదు అంకుల్, మేమే ఒప్పుకున్నాం," అని నేను ముందుకొచ్చాను. "కొట్టు నిలబడాలి కదా!"

"హోటల్లో ఒక దొర రోజూ ఒచ్చీవోడమ్మా. ఏళ్ళ పొడుగునా పోసినాను. ఆడు ఏటి తాగుతాడో తెల్సు, అంతే. ఆడికి అమ్మ ఉందో లేదో తెల్దు. ఒకనాడు రాడం మానేసినాడు. ఏటయిపోనాడో తెల్దు." మా ఆయన ముందున్న కప్పు కొంచెం ముందుకి జరిపాడు. "ఈ కుర్రోడు శనివారం తాగడు. నువ్వు మొక్కినావని తాగడు. మీ అందరివీ నాకు తెల్సు. అదంతా పాడు సేసి ఈ కొట్టు నిలబెట్టుకుంటే, మళ్ళా నాకది హోటలే గదా. టీ సల్లారిపోద్ది, తాగండి."

మా ఆయన బతుకు జీవుడా అని కప్పందుకున్నాడు. నాకు మాత్రం చెప్పలేనంత కోపం వచ్చింది. మేం అంత తెగించి వస్తే, ఈ పెద్దాయన చేజేతులా తలుపు మూసుకుంటున్నాడని. వంటగదిలోకెళ్ళి ఏడిచాను. ఆంటీ నా చేతికి ఉల్లిపాయలిచ్చింది, తరగమని, ఎవరైనా వస్తే అనుమానం రాకుండా.

ఏడాది నిండకుండానే కొట్టు మూతపడింది. ఆ స్థలంలో కొన్నాళ్ళకి సెల్‌ఫోన్ల షాపు వచ్చింది. రెండువేల సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ పేలలేదు. మాలో కొందరు వెనక్కి వెళ్ళిపోయారు, కొందరు బిషాన్ వైపు పెద్ద ఫ్లాట్లకి మారారు. కొట్టు లేకపోయేసరికి కలుసుకోవాలంటే ముందుగా ఫోన్ చేసుకోవాల్సి వచ్చింది. అలా చేసుకుని కలవడం మావాళ్ళ వల్ల కాలేదు.

అంకుల్ మళ్ళీ ఒక హోటల్ బార్లో పనికి చేరాడని ఆంటీ ఫోన్లో చెప్పింది. ఒక ఆదివారం సాయంత్రం నేనూ మా ఆయనా వెతుక్కుంటూ వెళ్ళాం. పెద్ద పెద్ద దీపాలు, ఎక్కడో పియానో. కౌంటరు వెనక అంకుల్, మెడలో నల్ల బో టై. మమ్మల్ని చూసి ఆయన మొహం విప్పారింది, వెంటనే సర్దుకుంది.

"గుడ్ ఈవినింగ్ సర్. గుడ్ ఈవినింగ్ మామ్."

"అంకుల్, బాగున్నారా?" అన్నాను నేను తెలుగులో. ఆయన పక్కకి చూశాడు. ఆ చివర సూటు వేసుకున్న కుర్ర సూపర్‌వైజరు నిలబడున్నాడు. అంకుల్ మెనూ కార్డు నా ముందు పెడుతూ గొంతు తగ్గించి, "డ్యూటీలో ఇంగ్లీషేనమ్మా. రూలు," అన్నాడు. తర్వాత గట్టిగా, "వాట్ కెన్ ఐ గెట్ యు, మామ్?"

నేను కార్డు తెరవకుండానే నిమ్మరసం అడిగాను. మా ఆయన బీరు అడిగాడు. కౌంటరుకి దగ్గరగా ఉన్న బల్ల చూసి కూర్చున్నాం. ఆయన మాతో మాట్లాడకూడదు, సరే. మేం మాట్లాడుకోకూడదని రూలేం లేదు కదా.

మా ఆయన ఇంట్లో పదడిగితే ఒకటి చెప్పే మనిషి. ఆ సాయంత్రం నేనేమీ అడక్కుండానే మొదలుపెట్టాడు. వాళ్ళమ్మ గోంగూర ఎలా పెడుతుందో, ఆకు ఎలా ఆరబెడుతుందో, ఏ మిరపకాయలు వేస్తుందో, జాడీ దగ్గర వాళ్ళ నాన్న ఎలా దొంగగా నిలబడి తినేవాడో, అంతా పూసగుచ్చినట్టు, కౌంటరు దాకా వినబడేలా చెప్పాడు. నేను "ఊఁ, తర్వాత?" అంటూ ఊఁ కొట్టాను. అంకుల్ గ్లాసులు తుడుచుకుంటూ తుడుచుకుంటూ మా వైపు చివరికి వచ్చి నిలబడ్డాడు. తల ఎత్తలేదు. తుడిచిన గ్లాసే మళ్ళీ తుడిచాడు.

చెప్పాల్సిందంతా అయిపోయాక లేవబోయాం. ఆయన వచ్చి బిల్లు పెట్టి, "థాంక్యూ సర్, థాంక్యూ మామ్" అన్నాడు. ఖాళీ గ్లాసు తీయడానికి వంగి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"ఇంకాసేపు కూకోండమ్మా."

కూర్చున్నాం. మా ఆయన గోంగూర సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.