మైకమ్మ గొంతు

ఆమెకు మైకమ్మ అని పేరు పెట్టింది బస్టాండులోని పోర్టర్లు. అసలు పేరు జీతమిచ్చే రోజు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఎంత ఆలస్యమో మైకులో చెప్పడం ఆమె పని. అంతవరకు ఎవరైనా చెప్పగలరు. కానీ తప్పిపోయిన పిల్లవాణ్ని ఎవరైనా తీసుకొస్తే మాత్రం ముందున్న కాగితం పక్కకు నెట్టేసేది. "ఎర్ర చొక్కా బాబు నా దగ్గరే ఉన్నాడమ్మా. బిస్కెట్ తింటున్నాడు. పరిగెత్తకుండా మెల్లగా రా" అనేది. ఆ మాటతో ఆ తల్లికి పోయిన ప్రాణం లేచొచ్చేది. ఊళ్లో ఆ గొంతు తెలియని ఇల్లు లేదు.

ఆమెను పెంచింది అక్క. తల్లి పోయాక ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా చేరి చెల్లెల్ని చదివించింది. ఇద్దరికీ పెళ్లి ఊసు రాలేదు, ఒకే ఇంట్లో ఉండిపోయారు. "నెమ్మదిగా మాట్లాడవే, పక్కింటివాళ్లు బస్సొచ్చిందని లేచి పరిగెత్తుతారు" అని అక్క ఎప్పుడూ ఆటపట్టించేది.

ఒకరోజు మేనేజరు ఇద్దరు కుర్రవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. ఏదో కంపెనీవాళ్లట, మెషిన్ పెడతారట, అందుకు ఆమె గొంతు రికార్డు చేసుకుంటారట. "మీకు శ్రమ తగ్గుతుందమ్మా" అన్నాడు. మెత్తటి గోడల గదిలో కూర్చోబెట్టి వారాల తరబడి చదివించారు. బస్సుల సంగతులే కాదు, నవ్వుతూ చదవమన్నారు, భయపడుతూ చదవమన్నారు, బతిమాలుతూ చదవమన్నారు. "సొంత అక్కతో మాట్లాడినట్టు ఒకసారి అనండి మేడమ్" అన్నాడొకడు. బస్సులకూ అక్కకూ ఏం సంబంధమని ఆమె అడగలేదు. తన గొంతును అంత ముచ్చటగా విన్నవాళ్లు జన్మలో మొదటిసారి దొరికారు మరి. పెట్టమన్నచోట సంతకం పెట్టింది.

మెషిన్ వచ్చాక ఆమెను సామాన్లు దాచే గదికి మార్చారు. సూట్‌కేసులకు చీటీలు కడుతూ, పైన స్పీకర్లలో తన గొంతు తానే వింటుంటే మొదట్లో కాస్త గర్వంగానే ఉండేది. తప్పిపోయిన పిల్లల గురించి అది "సమాచార కేంద్రాన్ని సంప్రదించగలరు" అన్నప్పుడు మాత్రం ఒళ్లు మండేది.

ఆ తర్వాత ఊళ్లో ఫోన్లు మోగడం మొదలైంది.

ప్రసూతి ఆసుపత్రి మెయిన్ రోడ్డు మీద, అందరి కళ్లూ పడే చోట ఉంది. దాన్ని మూయించి అక్కడ షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలని ఒక పెద్ద కంపెనీ చూస్తోంది. జనం ఒప్పుకున్నట్టు చూపిస్తే చాలు. అందుకని ఇంటింటికీ మైకమ్మ గొంతుతో ఫోను. కడుపుతో ఉన్న అమ్మాయి ఇంటికైతే, "ఆ బీటలు వారిన గోడల మధ్య పసిగుడ్డును కంటావా తల్లీ?" అనేది. పని లేని కుర్రవాడికైతే, "కాంప్లెక్స్ వస్తే నీకో ఉద్యోగం తమ్ముడూ" అనేది. చివర్లో అందరికీ ఒకటే మాట: "సరేనంటే ఒకటి నొక్కండి."

ఈ సంగతి మైకమ్మకు కూరగాయలమ్మే ఆవిడ చెబితే తెలిసింది. "ఎంత బాగా చెప్పావమ్మా! వెంటనే నొక్కేశా" అందావిడ. మైకమ్మ ఇంటికి పరిగెత్తి అక్కను అడిగింది.

"నేనూ నొక్కా" అంది అక్క.

"మూసేసేది నీ ఆసుపత్రినే అక్కా! నన్నొక్క మాట అడగొద్దా?"

"చెప్పిందే నువ్వైతే ఇంకా నిన్నేం అడగనే? అక్కా అని పిలిచావు. వేరే చోట ఇంతకన్నా మంచిది కడతారు, నీ ఉద్యోగానికి ఢోకా లేదన్నావు. నువ్వు చెప్పాక కాదంటానా?"

"అది నేను కాదు!"

"మరి ఎవరే?"



మర్నాడు మైకమ్మ మేనేజరు దగ్గరికి వెళ్లింది. "గొంతు మీదేనమ్మా, ఎవరు కాదన్నారు? రికార్డు మాత్రం వాళ్లది. ఎవరికైనా అమ్ముకుంటారు. సంతకం పెట్టారుగా" అన్నాడు.

"పెట్టమన్నది మీరే కదండీ?"

అతను తన ఫోనులోకి తల దూర్చాడు. నమ్మించి గొంతు కోశారని జనం అంటుంటే అది మాటవరసకనే అనుకునేది ఇన్నాళ్లూ.

అక్కణ్నుంచి నేరుగా అద్దాల గదిలోకి వెళ్లి, మెషిన్ వైరు పీకి, పాత మైకు అందుకుంది. "నేను మైకమ్మను. ఆసుపత్రి మూసేయాలని ఫోన్లో చెబుతున్నది నేను కాదు. నా గొంతు కొనుక్కుని మిమ్మల్ని మోసం చేస్తున్నారు!" కోపానికి ఏడుపు తోడై గొంతు కీచుమంది. జనం ఒక్కసారి తలెత్తారు. "మెషిన్ పాడైనట్టుందిరా" అని ఎవరో నవ్వారు. అంతలో బస్సు కదిలితే అందరూ అటు పరిగెత్తారు. పోర్టర్లూ టీకొట్టు ఆయనా మాత్రం ఆగి విన్నారు. సాయంత్రానికి ఆ మాట నాలుగు వీధులకు పాకింది. మైకమ్మకు కాస్త ధైర్యం వచ్చింది.

అది తెల్లవారేదాకానే. పొద్దున్నే ప్రతి ఇంట్లోనూ ఫోను మోగింది. "నేను మైకమ్మను. నిన్న బస్టాండులో ఎవరో నా గొంతును అనుకరించి అబద్ధాలు చెప్పారు. దయచేసి నమ్మకండి."

నిన్నటి అరుపులకు ఆమె గొంతు బొంగురుపోయి ఉంది. ఫోన్లో గొంతు తేటగా ఉంది. జనం తేటగా ఉన్నదాన్నే నమ్మారు.

ఆమె ఉద్యోగం ఆ రోజే పోయింది. కొన్నాళ్లకు ఆసుపత్రికి తాళం పడింది, అక్కా ఇంట్లో కూర్చుంది. కొత్త ఆసుపత్రి ఊసే ఎవరూ ఎత్తలేదు. పక్కవీధి అమ్మాయి దూరాన ఉన్న ఆసుపత్రికి వెళుతూ ఆటోలోనే ప్రసవించింది. బిడ్డ దక్కలేదు. ఆ పిల్ల తల్లి వచ్చి మైకమ్మ గుమ్మం ముందు నిలబడింది. "నీ మాట నమ్మినందుకు మాకిదా?" అంటూ నోటికొచ్చినట్టు తిట్టింది. మైకమ్మ తల వంచుకుని విన్నది. కాదని చెప్పాలన్నా మళ్లీ ఆ గొంతుతోనే కదా చెప్పాలి!

తర్వాత ఆమె ఒక లాండ్రీలో ఇస్త్రీ పనికి కుదిరింది. అక్కడ మాట్లాడే అవసరం లేదు. ఇంట్లో కూడా ఊ అంటే ఊ, లేదంటే తలూపడం.

ఒక సాయంత్రం ఆమె వచ్చేసరికి అక్క ఫోను చెవికి ఆనించుకుని నవ్వుతోంది. "మోకాళ్లు ఎలా ఉన్నాయక్కా? మాత్రలు అయిపోయాయా, ఇంకో డబ్బా పంపించనా?" అని మైకమ్మ గొంతే సన్నగా వినిపిస్తోంది. బల్ల మీద అప్పటికే బోలెడు డబ్బాలు.

మైకమ్మ ఫోను లాక్కుంది. "మందులు అంటగట్టడానికే అక్కా అది!"

"నాకు తెలియదటే?" అంది అక్క, విసుగు లేకుండానే. "ఉద్యోగం పోగొట్టుకున్నదాన్ని, ఆమాత్రం తెలియదా? కానీ నువ్వు నాతో నాలుగు మాటలు మాట్లాడి ఎన్నాళ్లయిందే? అది రోజూ మాట్లాడుతుంది. ఇలా తే."

మైకమ్మ ఏదో అనబోయింది. ఏమన్నా ఆ ఫోన్లో విన్నట్టే ఉంటుందనిపించి ఊరుకుంది. ఫోను అక్క చేతిలో పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది.