అరుగు మీద అట్టల చదువు

మా ఎదురింటి అత్త పోయింది. సోమవారం పొద్దున కబురు తెలిసేసరికి మా చీరాల నేతపేటలో సగం మగ్గాలు ఆగిపోయాయి. "అయ్యో, మంచి మనిషి" అన్నారు అందరూ. మంచి మనిషి సంగతి అలా ఉంచండి, మొండి మనిషి. ఆ మొండితనమే మాకు కూడు పెట్టింది.

నేత తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. చీర అంచులో నెమలి దిగాలంటే మగ్గం పైన జకార్డు ఉండాలి. దానిమీద చిల్లులు పొడిచిన అట్టలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటాయి. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. పొడిచేటప్పుడు ఒక్క చిల్లు తప్పిందా, చీర పొడుగునా ప్రతి నెమలికీ మెడ విరుగుతుంది. షావుకారు కూలి కోసేస్తాడు. ఆ తప్పు ఏ అట్టలో ఉందో వెతికేసరికి తల ప్రాణం తోకకొచ్చేది.

అందుకే సాయంత్రమయ్యేసరికి అట్టల దండ భుజాన వేసుకుని అత్త అరుగు ఎక్కేవాళ్ళం. ఆమె దిద్దిపెడుతుందనుకుంటే పొరపాటే. "నీ అట్ట నువ్వు చదవకే. నువ్వేం పొడవాలనుకున్నావో అదే కనపడుద్ది నీకు. పక్కోళ్ళకియ్యి" అనేది. నా అట్టను ఇంకొకరు "చిల్లు, చిల్లు, మూత, చిల్లు" అని పైకి చదవాలి; చిల్లు లేనిచోటు మూత. నేను నమూనా గీసిన గళ్ళకాగితం మీద వేలు పెట్టి చూసుకోవాలి. రెండూ కలవనిచోట తప్పు ఉన్నట్టు. ఒకసారి ఆమె అట్టలోనే నేను తప్పు పట్టాను. "ఓసి నీ దుంపతెగ!" అని పగలబడి నవ్వి, బెల్లంముక్క చేతిలో పెట్టింది.

సాగర్ డ్యాం పని మొదలైన రోజుల్లో షావుకారు కొత్త కట్టడి పెట్టాడు. నమూనాలు ఆయనవట, ఒకరి అట్టలు ఒకరు చూస్తే దొంగతనమట. ఆ అరుగెక్కినవాళ్ళకు నూలు ఇవ్వనన్నాడు. అత్త ఆయన గుమ్మం ముందే నిలబడి వీధంతా వినపడేట్టు అడిగింది: "నమూనా నీదే బాబూ, ఎత్తుకుపోను. తప్పులు మాయి. మా తప్పులు మేం చూసుకుంటే నీ సొమ్మేం పోయింది?"

మర్నాటి నుంచి ఆమెకు నూలు రాలేదు. మొగుడు పోయాక ఆమెకు ఆధారం ఆ మగ్గమే, అదీ మూలపడింది. లొంగిందా? ఊరవతల మిరపచేలల్లో కాయకోతకు పోయింది. సాయంత్రం వచ్చి, "చేతులు మండిపోతన్నాయే, అట్ట నువ్వు పట్టుకో, నే చదువుతా" అనేది. నాది సహకార సంఘం నూలు కాబట్టి నా మీద షావుకారు పెత్తనం సాగలేదు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేశారు. వాళ్ళను ఆమె పల్లెత్తు మాట అనలేదు. "పిల్లలున్నోళ్ళు, ఏం చేస్తారే" అనేది. నేను మాత్రం అన్నాను, ఇప్పటికీ అంటాను.

మంచాన పడ్డాక నన్ను ఒకటే అడిగింది. "నే పోయాక చదువుతారా, దడిసి నోరు మూసుకుంటారా?" చదువుతామన్నాను. ఎవరితో కలిసి చదవాలో నాకే తెలియదు.

చిన్నకర్మ నాటి సాయంత్రం నా అట్టలు తెచ్చుకుని ఆ అరుగు మీద కూర్చున్నాను. మైల ఇంట పనేంటని ఒక ముసలాయన గదిమాడు. "ఆమెకు ఇంతకు మించిన కర్మ లేదు తాతా" అన్నాను. ఎదురుగా షావుకారు గుమాస్తా సైకిలు ఆపి, ఎవరొస్తారో చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపు ఎవరూ రాలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

అప్పుడు పక్కింటి అతను, షావుకారు నూలు మీదే బతికే మనిషి, తలుపు తీసుకుని వచ్చాడు. గుమాస్తా ముందునుంచే నడిచి, అరుగెక్కి, తన అట్టలు నా ఒళ్ళో పెట్టాడు.

"నాయి నువ్వు చదువు వదినా. గట్టిగా చదువు, ఆ గుమాస్తాక్కూడా వినపడాల."

గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. మూడో అట్ట చదువుతుండగా, వీధి చివర ఇంకో తలుపు తెరుచుకుంది.