టెలిస్కోపు కూలినప్పుడు సాల్మన్ సారు అడిగిన ప్రశ్న

రేడియోలో రెండు స్టేషన్ల నడుమ వచ్చే గరగర వింటే నాకు సాల్మన్ సారు గుర్తొస్తారు. ఆ గరగరలో కొంత ఆకాశం నుంచి వచ్చేదేనని ఆయన చెప్పేవారు. మొన్న నంద్యాలలో మా బడి వార్షికోత్సవంలో పాత ఉపాధ్యాయుల గురించి ఎవరెవరో మాట్లాడారు. సాల్మన్ సారు పక్కన ఏళ్ల తరబడి సైన్సు చెప్పిన నన్ను మాత్రం పిలవలేదు. ఇంతకాలం అడగనివాళ్లు ఇక అడగరని నేనే రాస్తున్నాను.

డెబ్బైల్లో నేను రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో బడికి వచ్చేవాణ్ణి. సారు నాకన్నా చాలా పెద్దవారు. ఆకాశం నుంచి వచ్చే రేడియో అలలను పట్టే, అమెరికాలోని పెద్ద రేడియో టెలిస్కోపు ఫోటో కావాలని ఆయన అక్కడికి రాస్తే, దాన్ని నడిపే మనిషే పంపాడు. మూడు వందల అడుగుల ఇనుప పళ్లెం, దాని కాళ్ల దగ్గర చీమంత మనిషి. ఫోటో వెనక "ఇది నేనే" అని రాశాడు. అప్పటినుంచి ఏటా క్రిస్మస్‌కు ఇద్దరి మధ్యా కార్డులు నడిచాయి. ఆ టెలిస్కోపులో పాటలొస్తాయా అని తెలుగు పండితుడు ఎగతాళి చేస్తే, "మనం నోరు మూసుకుంటే ఏమన్నా వినపడతాదిలేప్పా," అన్నారు సారు.

ఆ పళ్లెం ఉత్తర దక్షిణాలకే వంగుతుంది, మిగతా పని భూమి తిరుగుతూ చేసిపెడుతుంది. నా బదిలీ అర్జీ ఆఫీసులో కదలడం లేదని నేను మండిపడిన రోజు సారు ఈ సంగతే చెప్పారు. "నువ్వు దాని మాదిరి నిలబడప్పా. ఆకాశమే నీ మీదికొస్తాది."

ఎనభై ఎనిమిది చలికాలంలో ఆ టెలిస్కోపు కుప్పకూలిందని పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. మనుషుల సంగతి లేదు. "ఆయప్ప ఆ టయానికి యాడుండాడో," అన్నారు సారు. ఆ రోజే ఉత్తరం రాశారు. అంత కష్టంలో ఉన్నవాళ్లు మనకేం జవాబిస్తారని నేనన్నాను. ఆయన మాత్రం రోజూ పోస్టుమ్యాన్‌కు గేటు దాకా ఎదురు వెళ్లేవారు. మధ్యాహ్నం క్యారియర్ సగం తిని మూసేసేవారు.

అమెరికా నుంచి కవరు వచ్చాక విప్పకుండానే నా చేతికిచ్చారు. "నువ్వే చించి చూడప్పా."

మొదటి వాక్యమే, ఎవరికీ గీత కూడా పడలేదని. ఆ మనిషి అప్పుడు డ్యూటీలోనే, పక్కనున్న గదిలో ఉన్నాడట. దాని స్థానంలో ఇంకా పెద్దది, అన్ని వైపులా తిరిగేది కట్టాలనుకుంటున్నారట.

"కొత్తది నిదానంగా కట్టుకోనీలే. మనిషి ఉండాడు," అని సారు బెంచీ మీద కూలబడ్డారు. ఆ మధ్యాహ్నం నా పెరుగన్నం కూడా తినేశారు.

ఆ ఉత్తరాన్ని ఇన్‌స్పెక్టరుకు చూపించాలని హెడ్మాస్టరు తీసుకున్నారు. తిరిగి ఇవ్వలేదు. కొత్త టెలిస్కోపు లేచేనాటికి సారు లేరు. నాకెవరు ఏం రాసినా ఆ రోజే జవాబు రాయడం ఆయన దగ్గర పట్టుకున్న అలవాటు. ముక్కూ మొహం తెలియని మనిషి అంత నష్టంలోనూ నంద్యాలకు జవాబు రాశాడు. ఆ ఉత్తరం తిరిగి ఇమ్మని నేను పెట్టిన మూడు అర్జీలకు బడి నుంచి ఒక్క ముక్క రాలేదు. బడివారూ, సారుకు వచ్చిన ఆ ఉత్తరం మీ బీరువాలో ఉందా, లేదా? రాయండి.