ఒక్క గడి నడిచే బంటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చదరంగం బంటు ఒక్క గడే నడిచేది. మొదటి ఎత్తయినా సరే, అంతే. లోకమంతా అలాగే ఆడుతుందని నమ్మాను. ఆట నేర్పింది మా అవ్వ, నాయినను కన్న తల్లి. పొలం పనులు లేని మధ్యాహ్నాలు వాకిట్లో నీడపట్టున సుద్దతో గడులు గీసేది. తెల్ల పావులు తను పెట్టుకుని నాకెప్పుడూ నల్లవే ఇచ్చేది. మంత్రి ముందున్న బంటును ఒక్క గడి జరిపి, "ఇగ నువ్వేం జేస్తవో జెయ్" అని తమలపాకు నమిలేది. ఒక్కసారైనా ఊరికే గెలవనిచ్చేది కాదు మహాతల్లి!

ఎనిమిదో తరగతిలో ఉండగా స్టేషన్ ఘన్‌పూర్‌లో బడుల మధ్య పోటీ పెట్టారు. ఒక్క ఆట గెలిస్తే చాలు, వరంగల్‌లో ఆడొచ్చు. వరంగల్ పోవాలని నాకెంత ఆశో చెప్పలేను. మా నాయినేమో, ఓడిపోయి వస్తే ఇక ఆట బంద్ అని తేల్చేశాడు. అవ్వే నన్ను బస్సెక్కించి తీసుకుపోయింది.

నాకు నల్లపావులే వచ్చాయి. ఎదురుగా జనగామ అబ్బాయి, ఇస్త్రీ చొక్కా, నూనె పెట్టి దువ్విన తల. కూర్చున్నాడో లేదో, మంత్రి ముందున్న బంటును తీసి ఒక్కసారే రెండు గడులు అవతల పెట్టాడు. నా గుండె జల్లుమంది. పట్టపగలు, ఇంతమంది ముందు ఇంత మోసమా! "సారూ! గీ పోరడు దొంగాట ఆడుతుండు!" అని లేచి అరిచాను.

గది గదంతా గొల్లుమని నవ్వింది. ఆటల సారు దగ్గరికొచ్చి, "దొంగాట గాదు బిడ్డా. మొదటిసారి బంటు రెండు గడులు పోవచ్చు. నీకు గిది గూడ తెల్వదా?" అన్నారు. నాకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. అయితే అవ్వ నేర్పిందంతా తప్పేనా? కిటికీ అవతల అరుగు మీద కూర్చున్న అవ్వ వైపు చూశాను. తాపీగా తమలపాకుకు సున్నం రాసుకుంటోంది.

నేనూ రెండు గడులు దూకుదామని బంటు మీదికి చెయ్యి చాచాను. దూకాక ఏం చేయాలో ఒక్క ముక్క తెలియదు. చెయ్యి వెనక్కి తీసుకుని, ఇంట్లో ఆడినట్టే ముందు గుర్రాన్ని బయటికి తీశాను. అది లేచిన చోటికి ముందున్న బంటును ఒక్క గడి జరిపి, ఆ ఖాళీలో ఒంటెను కూర్చోబెట్టాను. అవతల బంట్లు దూకుతూ వచ్చి నడుమంతా నిండిపోయాయి. మధ్యలో ఆ అబ్బాయి రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదిపాడు. హవ్వ! ఈసారి అరవలేదు. సారును మెల్లగా అడిగి, అది కూడా ఆటేనని తెలిశాక నేనూ చేశాను. తర్వాత నా గుర్రం పక్కకు తప్పుకోగానే ఒంటెకు దారి తెరుచుకుంది. అంత దూరం వచ్చేసిన అతని బంట్లకు కాపలా చాలలేదు. ఒకటి పోయింది, దాని వెనకే ఇంకొకటి. చివరికి అతని రాజుకు పోయే దారి లేకపోయింది.

సారు నా భుజం తట్టి, "మంత్రి బంటుకు గీ జవాబు ఎవలు నేర్పిన్రు? దీనికి పుస్తకాలల్ల పేరున్నది. ఇండియన్ డిఫెన్స్ అంటరు" అన్నారు. నా తెలియనితనం అనుకున్నదానికి ఒక పేరు, అదీ మన దేశం పేరు!

పరుగెత్తి అవ్వను పట్టుకున్నాను. రెండు గడుల సంగతి నీకు తెలుసా అని నిలదీశాను. "తెల్వకేంది? మీ తాత గట్లనే దుంకిచ్చేటోడు" అంది! వరంగల్ పోతున్నానన్న సంతోషం కూడా ఎగిరిపోయింది. అందరి ముందు నన్ను నవ్వులపాలు చేశావని ఏడ్చేశాను. అవ్వ కొంగుతో నా ముక్కు తుడిచి, "బంటు ఎనుకకు రాదు బిడ్డా. దుంకుడు ఎవలన్న నేర్పుతరు. ఒక్క గడి నడిచి నిలవడుడు ఎవలు నేర్పుతరు? గందుకే దాచిన" అంది. ఇంటిదాకా అవ్వతో మాట్లాడలేదు. బస్సులో మాత్రం ఆమె ఒళ్లోనే తల పెట్టుకుని పడుకున్నాను.

ఇప్పుడు మహబూబాబాద్‌లో మా మనవరాలు ఫోనులో ఆడుతుంది. మంత్రి బంటుకు నల్లపావులతో ఏ డిఫెన్స్ ఎంచుకోవాలో తేలక పరేషాన్ అవుతుంది. ఏదైనా ఎంచుకో తల్లీ, ముందు బెదిరిపోకు అంటాను. అలా చెప్పే నేనే, ఈ వయసులో కూడా ఎవరైనా ఒక్కసారే రెండడుగులు మీదికి దూకి వస్తే ఉలిక్కిపడతాను. గుండె ఆనాటిలాగే జల్లుమంటుంది, దొంగాట అని అరవాలనిపిస్తుంది. ఆ తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుని, ముందు గుర్రాన్ని బయటికి తీస్తాను.