చలికి బిగిసిన క్లచ్

చలికాలం వచ్చిందంటే అరకులో పొద్దున్నే పని మొదలుపెట్టడం నా వల్ల కావడం లేదు. స్పానర్ ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. ఎడమ మోకాలు లేవనంటుంది. సాలూరులో లారీల కింద పడుకుని పని నేర్చుకున్న ఒళ్లు ఇది. కొండెక్కి ఇక్కడ షెడ్డు పెట్టాక కూడా చాలాకాలం మాట విన్నది, ఈ మధ్యే వినడం మానేసింది. దానికి తోడు నా జీపు. పోయిన చలికాలం నుంచీ పొద్దున పూట దాని క్లచ్ రాయిలా ఉంటోంది. ప్లేటు మార్చాను, కేబుల్ మార్చాను. ఈ కాలం సామాన్లింతేనని తిట్టుకుని ఊరుకున్నాను.

సరిగ్గా అలాంటి రోజుల్లో షావుకారు దగ్గర్నుంచి కబురొచ్చింది. పార్వతీపురం వైపు మనిషి. ఇక్కడి సంత బజార్లో కాఫీ గింజలు, పసుపు, చింతపండు కొనే కొట్టు ఆయనది. వయసు మీదపడి కొట్టు పని తగ్గించుకున్నాక, వైజాగ్‌లో ఎవరి దగ్గరో పాత ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఉన్నవి రెండే సీట్లు. చింతపండు బుట్ట కూడా పట్టదు. ఊరంతా నవ్వినా ఆయన పట్టించుకోలేదు. టూరిస్టు బస్సులు రోడ్డెక్కకముందే, మంచులో, బొర్రా వైపు ఘాట్‌లో కాస్త దూరం వెళ్లొచ్చేవాడు. ఆ తర్వాత కొట్లో కూర్చుని ఎవరితో బేరమాడినా గొంతులో హుషారుండేది.

ఆ కారు క్లచ్ పొద్దున్నే దిగడం లేదట. మొదటి గేరు వేయబోతే కరకరమంటోందట. ఎండెక్కాక ఏ గొడవా లేదట.

"తప్పు బండిదేనని నువ్వు సెప్పాల మేస్త్రీ," అన్నాడు నేను వాళ్లింటికి వెళ్లగానే.

"ఆడలేక మద్దెలోడు అన్నాడంట ఎనకటికెవుడో," అంది వాకిలి ఊడుస్తున్న ఆయన భార్య, తలెత్తకుండానే.

ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. సంగతి ఆవిడే చెప్పింది. షుగరు వల్ల ఎడమకాల్లో నరాలు మొద్దుబారుతున్నాయనీ, పెడల్ తొక్కడం కష్టమైన రోజున కారు మానేయాలనీ వైజాగ్ డాక్టరు ఖచ్చితంగా చెప్పేశాడు. ఘాట్‌లో కాలు మోసం చేస్తే కింద లోయే కదా. అంటే తప్పు కారుదైతే కారు బాగవుతుంది. తప్పు కాలిదైతే ఆయన పొద్దుటి షికారు పోతుంది. నన్ను పిలిచింది రిపేరుకని చెప్పినా, నిజానికి పిలిచింది సాక్ష్యానికి.

చలిలో వచ్చే జబ్బును చలిలోనే చూడాలి. పది గంటలకి షెడ్డుకి తెస్తే, డాక్టరు గుమ్మం ఎక్కగానే తగ్గిపోయే పంటినొప్పిలాగా అంతా బాగానే ఉంటుంది. అందుకని తెల్లవారకముందే దుప్పటి కప్పుకుని, నా మొండి జీపును తోలుకుంటూ వాళ్లింటికి వెళ్లాను. కారు అద్దాల మీద మంచు నీళ్లు కారుతున్నాయి. ఇంజిను స్టార్ట్ చేయకుండా సీట్లో దిగబడి పెడల్ తొక్కాను. బిగుసుకుపోయి ఉంది. స్టార్ట్ చేసి గేరు వేస్తే కరకర. తప్పు కారుదేనన్నాను. షావుకారు నాకు తన చేత్తో టీ తెచ్చి ఇచ్చాడు.

ఇక మొదలైంది నా అవస్థ. క్లచ్ ఆయిల్ నల్లబడితే తీసి కొత్తది పోశాను. పైపుల్లో గాలి తీశాను. పైన సిలిండర్లో రబ్బర్లు మార్చాను, కింది దానిలోవీ మార్చాను. పెడల్ ఇరుసు కడిగి గ్రీజు పెట్టాను. ఒక్కో పనికీ ఒక్కో చలి పొద్దు. ప్రతి పొద్దూ తొక్కి చూస్తే అదే బిగువు. ఎండెక్కాక అదే పెడల్ వెన్నలా దిగేది. నాకు విసుగొచ్చింది. ఇంకేం విప్పాలి? గేరుబాక్సు దించి ప్లేటు చూడడమొక్కటే మిగిలింది. ఆ కారు కింద దూరి పడుకోవడం తలుచుకుంటేనే నడుము పీకింది.

అది దించుదామని వెళ్లిన రోజు ఆవిడ ఇనప మూకుడులో నిప్పులు తెచ్చి, చీపురు పిడితో కారు కిందికి తోస్తోంది. ఏజెన్సీలో డీజిలు జీపులవాళ్లందరి అలవాటే అది. చలికి గడ్డకట్టిన ఇంజినాయిలు కరుగుతుందని కింద కుంపటి పెడతారు. నేనూ పెట్టినవాణ్ణే. కానీ ఇది పెట్రోలు బండి, పైగా పొట్ట నేలకి ఆనేంత కిందికి ఉంటుంది.

"ఏటమ్మా, కారుకి పాడె కట్టేత్తావా ఏటి? తీసీ బేగి!" అని అరిచాను.

"మెత్తబడతాదని ఎట్టినాను అన్నయ్యా," అంటూ ఆ మూకుడు తీసుకెళ్లి వరండాలో పెట్టింది.

దాని పక్కన షావుకారు చేరాడు. నేను వాకిట్లో పనిముట్లు పరుచుకుంటుంటే, ఆయన పంచె మోకాళ్ల దాకా ఎత్తుకుని తీరిగ్గా కాళ్లు కాచుకున్నాడు. విప్పబోయేముందు చివరిసారి చూస్తానని లేచొచ్చి కార్లో కూర్చున్నాడు. పెడల్ దిగింది. ఇంజిను స్టార్ట్ చేస్తే మొదటి గేరు చప్పుడు లేకుండా పడింది.

"బాగైపోనాది!" అని ఇంజిను ఆపి కారు దిగి నన్ను వాటేసుకున్నాడు. "నువ్వు గట్టోడివి మేస్త్రీ!"

నేను ఆరోజు ఇంకా ఏమీ ముట్టుకోలేదు. కారు కింద నిప్పు లేదు, అద్దాల మీద మంచు అలాగే ఉంది. అనుమానమొచ్చి నేను కూర్చుని తొక్కాను. నా కాలికి అదే బిగువు.

"నేదు షావుకారూ. ఎప్పట్లాగే ఉంది."

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఇప్పుడే కదేటి దిగింది!"

మేమిద్దరం వాదించుకుంటుంటే ఆవిడ చీపురు గోడకి ఆన్చి, "జరుగన్నయ్యా," అని నన్ను దింపి తను కూర్చుంది. జన్మలో స్టీరింగ్ పట్టుకోని మనిషి. హవాయి చెప్పుల కాలితో పెడల్ తొక్కి, వదిలి, మళ్లీ తొక్కింది.

"మెత్తగానే ఉంది కదా. ఇందుకేటి ఇన్నాళ్లు?"

ఆవిడ మా ఇద్దరి కాళ్లకేసీ చూసింది. నేను ఎడమకాలి మీద బరువు వేయకుండా నిలబడే తీరును కూడా చూసిందనుకుంటాను.

"నువ్వూ పోయి కాసేపు కాళ్లు కాసుకో అన్నయ్యా," అంది మెల్లగా.

వెళ్లి కూర్చున్నాను. మోకాల్లోకి వేడి దిగి నరం నరం విడుతుంటే ఎంత హాయిగా ఉందో, అంత భయంగానూ ఉంది. లేచొచ్చి తొక్కాను. వెన్నలా దిగింది. ఇన్నాళ్లూ పొద్దున్నే బిగిసింది మా కాళ్లు. ఎండెక్కి మెత్తబడిందీ అవే. కాలు సగమే తొక్కేది, క్లచ్ పూర్తిగా దిగక గేరు కరకరమనేది. కొత్త రబ్బర్లకీ, కొత్త ఆయిలుకీ ఏ పాపమూ తెలియదు.

షావుకారు నా మొహంలోకి చూశాడు. ఒక్క అబద్ధమాడితే చాలు, ప్లేటు పోయిందంటే చాలు, ఇంకొన్నాళ్లు నడిచిపోయేది. నాకు ఆడాలనిపించింది కూడా. కానీ ఘాట్‌లో ఆ మలుపులు నాకు తెలుసు.

"బండికేటీ నేదు షావుకారూ," అన్నాను.

ఆయన చాలాసేపు కారు చుట్టూ తిరిగాడు. అద్దం మీది మంచు నీళ్లను కండువాతో తుడిచాడు. తర్వాత తాళం తీసుకెళ్లి, అడక్కుండానే, ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని కొంగున ముడి వేసుకుని, కళ్లొత్తుకుని, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

"నీ జీపు బాగుందా మేస్త్రీ?" అన్నాడు ఉన్నట్టుండి.

"పొద్దున పూట క్లచ్ కాస్త గట్టి," అన్నాను.

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. టీ తాగి, పనిముట్లు సర్దుకుని జీపెక్కాను. క్లచ్ మీద కాలు పెట్టబుద్ధి కాలేదు. ఎండ కొండ దిగి వాకిట్లోకి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.