నాపరాళ్ళ మీద మంచు హాకీ

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. పదిమంది చుట్టాలొస్తున్నారని నేనంటే మా ఆవిడ ముగ్గురికి ఎసరు పెడుతుంది. ఇంతవరకూ మా ఇంట్లో అన్నం మిగిలిందీ లేదు, చాలకపోయిందీ లేదు. మీరూ ఆ లెక్కనే నన్ను మూడో వంతుకు తగ్గించుకుని చదివితే మనిద్దరికీ పేచీ ఉండదు. అయితే ఎద్దుల లాడాల సంగతి దగ్గర మాత్రం తగ్గించకండి. అక్కడ నేను పెంచలేదు. పెంచడానికి చోటు లేదు.

ఆ రోజుల్లో కర్నూలు రాజధాని. రాజధాని అంటే మేడలూ గోపురాలూ ఊహించుకోకండి. గుడారాలు. ప్రభుత్వమంతా గుడారాల్లో ఉండేది. గాలి వీస్తే ఈ శాఖ కాగితాలు ఆ శాఖలోకి ఎగిరిపోయేవి (కొన్ని ఫైళ్ళు త్వరగా కదిలాయంటే కారణం అదే). మే నెలలో గుడారం లోపల సిరా బుడ్డి మూత తీస్తే కలం ముంచేలోగా సిరా సగానికి వచ్చేది. అలాంటి చోట నేను ఇరవై రెండేళ్ళ టెంపరరీ గుమాస్తాని. నాలాంటి వాళ్ళం పదకొండు మందిమి. వచ్చే నెలలో నలుగురిని మాత్రం ఉంచి మిగతావాళ్ళను ఇంటికి పంపుతారని కబురు వచ్చింది. ఆ నలుగురి పేర్లు రాసి పైకి పంపవలసినవాడు మా ఆఫీసరు. చలిదేశంలో నాలుగేళ్ళు చదువుకుని వచ్చిన పెద్దమనిషి. నోరు విప్పితే మంచు మాటే మాట్లాడేవాడు గనక మేమంతా చాటున మంచుదొర అనేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం, గుడారం పొయ్యి మీది పెనంలా కాలుతుండగా, మంచుదొర తడిగుడ్డ నెత్తిన వేసుకుని మొదలుపెట్టాడు. "అక్కడ శీతాకాలం వస్తే చెరువులు గడ్డకట్టుకుపోతాయయ్యా. ఆ గడ్డ మీద, ఆరుబయట, బూట్ల కింద ఇనుము బిగించుకుని హాకీ ఆడతారు. జట్టుకు ఆరుగురు. బంతి ఉండదు, చదునుగా ఒక బిళ్ళ. జీతాలు తీసుకుని ఆడేవాళ్ళూ ఉన్నారు. అలాంటివాళ్ళ ఆట ఆరుబయట పెట్టాలంటే ఏ రెండు జట్లను పిలవాలి, ఏ ఊళ్ళో పెట్టాలి అని పెద్దలు ఏడాది పొడుగునా కొట్లాడుకుంటారు."

మిగతా పదిమందీ తలలూపారు. నేనూ ఊపి ఊరుకుంటే ఈ వ్యాసం ఉండేది కాదు. "కడప దగ్గర మా కమలాపురంలోనూ ఆడతారు సార్" అన్నాను.

"ఏమిటి ఆడేది?"

"మంచు హాకీ సార్. మంచు లేకుండా."

మంచుదొర తడిగుడ్డ తీసి పక్కన పెట్టాడు. "జట్లు ఎవరు?"

"కర్నూలూ కడపా సార్."

"జీతాల మీదేనా?"

"భోజనాల మీద సార్."

"వచ్చే నెల మొదటి ఆదివారం కడప వైపు క్యాంపుకు వెళ్తున్నాను. చూస్తాను" అని నోటుపుస్తకంలో రాసుకున్నాడు. నా పక్క కుర్చీలోని ఆదోని గుమాస్తా నా చెవిలో, "మొదటి ఆదివారమంటే మన పేర్లు పైకి పోయే ముందుదినమే గదప్పా. ఇంగ నువ్వు పోయినట్టే. నీ కుర్చీ నాకిచ్చిపో, దానికి నాలుగు కాళ్ళుండాయి" అన్నాడు.

మూడు వారాలున్నాయి. ముందు చోటు చూడాలి. తుంగభద్రలో ఆ నెలలో నీళ్ళకంటే ఇసకే ఎక్కువ. చేతికి దొరికిన చెక్కబిళ్ళను కొడితే జానెడు పోయి, అలిసిపోయినట్టు ఇసకలో కూచుంది. కాలువకు నీళ్ళు ఆపేశారు గదా అని అందులోకి దిగి చూశాం. అడుగంతా ఎండి నోళ్ళు తెరుచుకుని ఉంది. బిళ్ళ ఒక నోట్లోకి జారిపోయింది, మళ్ళీ కనపడలేదు (అది ఇప్పటికీ కిందికి పోతూనే ఉంటుందని నా నమ్మకం). చివరికి కమలాపురం వెళ్ళి మా మేనమామ ముందు నిలబడ్డాను. ఆయనది నాపరాళ్ళ వ్యాపారం. గనిలోంచి వచ్చిన రాళ్ళను తన ఆవరణలో సందు లేకుండా పక్కపక్కనే పరిపించి, తడి ఇసక పోసి, పైన బరువు రాయి పెట్టి అటూ ఇటూ లాగించి నునుపు చేయిస్తాడు. ఆ నల్లటి నేల ఎకరం ఉంటుంది (మామ కొలిస్తే పదిహేను సెంట్లు). దాని మీద నీళ్ళు పోస్తే వంగి మీసం దువ్వుకోవచ్చు.

"ఏం ఆట్రా అది?" అన్నాడు మామ.

"జారతా ఆడేది మామా."

"జారేదానికి మల్ల ఆటెందుకు? మా కూలోళ్ళు పొద్దస్తమానం జారతానే ఉండారు. రాళ్ళకు గీతలు పడితేనో?"

"పడవు మామా."

"ఆట పెట్టకపోతేనో?"

"ఉద్యోగం పోతాది మామా."

మామ నోట్లో ఉన్న ఆకు పూర్తిగా నమిలి పక్కకు ఊశాడు. "రాయికి గీత పడితే మల్ల రుద్దుకోవచ్చు. సర్కారు ఉద్యోగాన్ని రుద్దే ఇసక నా దగ్గర లేదు. పెట్టుకో పో. ఒక ఆదివారమే."

ఇక జట్లు. కడప జట్టుకు కష్టపడలేదు. మామ దగ్గర రాళ్ళు రుద్దేవాళ్ళు ఆరుగురిని వాళ్ళ మేస్త్రీయే ఏరాడు. జీతం కింద రాగి సంగటి, పొట్టేలు కూర అని ఖరారు చేసుకున్నాడు. "కూర తక్కువైతే ఆట నడిమిట్లోనే దిగిపోతాం" అని ముందే చెప్పాడు. కాబట్టి అసలుసిసలు జీతగాళ్ళ జట్టు అదే. కర్నూలు జట్టు నేను ఎంచాలి. గుడారం వెనక ఒక నాపరాయి పరిచి, సబ్బునీళ్ళు పోసి, చేతిలో నిండు కాఫీ గ్లాసుతో దాటి రమ్మన్నాను. పదకొండు మందిమీ పడ్డాం. పడనివాడు దొరకలేదు కనక పడ్డాక ముందు లేచిన ఆరుగురిని తీసుకున్నాను. ఆదోని గుమాస్తా పడినా కాఫీ ఒలకనివ్వలేదు గనక గోలు దగ్గర నిలబెట్టాను. నేను ఏడోవాడిగా లేచాను, కానీ నాయకుణ్ణి కాబట్టి నన్ను నేను ఎంచుకున్నాను. ఆరోవాడు నాతో రెండేళ్ళు మాట్లాడలేదు.

తాటిమట్టలు కోయించి కర్రలు చేశాం. చింతచెక్కతో బిళ్ళ చేయించాం. మిగిలింది కాళ్ళ కింద ఇనుము. ఇక్కడే, ఇంకే జిల్లావాళ్ళూ చేయని పని మేం చేశాం. "చెప్పుల కింద ఇనుమా? దాందేముందిరా, లాడాలు కొట్టిద్దాం" అన్నాడు మామ. అది నాకూ, మేస్త్రీకీ, పన్నెండు మందిలో ఒక్కరికీ వింతగా తోచలేదు. ఇనుము కాళ్ళ కింద పెట్టుకునేవి మేం చూసినంతలో ఎద్దులే మరి.

ఎద్దులకు లాడాలు కొట్టే ముసలి సాయిబును పిలిపించాం. అందరూ లాడాల తాత అంటారు. చెప్పు విప్పి చేతికిచ్చాను. ఆయన దాన్ని తిప్పి చూసి కింద పెట్టాడు.

"చెప్పు ఒక్కదానికి కొడితే కాలు అందాజు యాడ తెలుస్తాది బేటా? ఏసుకో. ఏసుకొని పండుకో."

"పండుకునేదెందుకు తాతా?"

"నలభై ఏండ్లు పండబెట్టే కొట్టినా. నిలబడినోనికి కొట్టమంటే నా చెయ్యి ఆడదు."

పడుకున్నాను. రెండు కాళ్ళూ దగ్గరికి చేర్చి తాడుతో కట్టాడు. ఒక్కో చెప్పుకు రెండేసి ఇనుప బిళ్ళలు, గిట్టకు వేసినట్టే. నేను కాలు గుంజుకుంటే, "కదలొద్దు బేటా. నీకన్నా మంచి మంచి ఎద్దులే కదల్లేదు" అన్నాడు. అయిపోయాక అలవాటు కొద్దీ నా తొడ మీద ఒక్కటి చరిచి "లెయ్" అన్నాడు. పన్నెండు మందిమి అలా వరసగా, కాళ్ళు కట్టేసి పడి ఉండగా దోవన పోయే ఒక రైతు ఆగి చూసి, "ఏమప్పా, అమ్మేదానికా?" అని అడిగాడు. ఆ నెలంతా చుట్టుపక్కల ఎద్దులు లాడాల్లేక వట్టి కాళ్ళతో నడిచాయని చెప్పుకున్నారు.

ఆదివారం పొద్దున్నే మంచుదొర జీపు దిగాడు. నెక్‌టై కట్టుకుని వచ్చాడు. ఆడవాళ్ళు కడవలతో నీళ్ళు తెచ్చి రాళ్ళ మీద పోస్తున్నారు. ఎండకు అవి ఆరేలోగా ఇంకొక వరస పోస్తున్నారు. నల్లరాయి ఆకాశాన్ని నింపుకుని తళతళలాడుతోంది. ఊళ్ళో సగం మంది రాళ్ళ దొంతరలెక్కి కూచున్నారు. మామ తువ్వాలు ఎత్తి కిందికి విసిరాడు. ఆట మొదలైంది.

తడి నునుపు రాయి మీద ఇనుప లాడం ఎలా నడుస్తుందో చెప్పాలంటే భాష చాలదు. నడవదు. మేం కర్రలెత్తి ముందుకు దూకాం, కాళ్ళు మాకంటే ముందు వెళ్ళిపోయాయి. మొదటి పది నిమిషాలు పన్నెండు మంది పన్నెండు దిక్కులకు జారారు (దిక్కులు ఎనిమిదే అని నాకు తెలుసు, ఆ రోజు సరిపోలేదు). బయల్దేరడం మా చేతుల్లో ఉంది, ఆగడం ఎవరి చేతుల్లోనూ లేదు. బిళ్ళ మాత్రం మధ్యలో నిమ్మళంగా కూచుని ఉంది, దాని జోలికి ఎవరూ పోలేకపోయారు. తర్వాత మేస్త్రీ మనుషులకు కిటుకు దొరికింది. వాళ్ళు పాదం ఎత్తకుండా రాయి రుద్దినట్టు రుద్దుకుంటూ వచ్చి వరసగా మూడు గోల్సు కొట్టారు. మూడోసారి ఆదోని గుమాస్తా బిళ్ళకు దారిచ్చి పక్కకు తప్పుకున్నాడు. ఇదేమిటని అరిస్తే, "నాకు కాఫీ గ్లాసియ్యప్పా, నిలబడతా" అన్నాడు. మా జట్టులో ఒకడు జారుకుంటూ పోయి, రాళ్ళు కడిగిన బురదనీళ్ళ గుంటలో నడుం లోతు కూరుకుపోయాడు. చెయ్యి అందిస్తే, "ఈడ సల్లగుండాదిరా, నేను రాను" అన్నాడు.

మూడు సున్నా. అయిదుగురం మిగిలాం. ఊరంతా కడుపులు పట్టుకుని నవ్వుతోంది. నేను మంచుదొర వైపు చూశాను. ఆయన ఒక్కడే నవ్వడం లేదు. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ ముఖంలో నా పేరు కొట్టేసిన గీత నాకు స్పష్టంగా కనిపించింది. అప్పుడు నేను తల ఎత్తి, ఆయన నిలబడ్డ గట్టు దాకా జారుకుంటూ వెళ్ళి, "సార్, మా జట్టులో ఒకరు తక్కువయ్యారు. మీరు రావాలి" అన్నాను.

"నాలుగు శీతాకాలాలు ఆ చెరువు గట్టున నిలబడ్డానయ్యా" అన్నాడు మంచుదొర మెల్లిగా. "జట్లు ఎంచుకునే రోజున అందరికంటే ముందు వెళ్ళేవాణ్ణి. ఒక్కడైనా నా వైపు వేలు చూపించలేదు." నెక్‌టై భుజం మీదికి వేసుకుని లాడాల తాత ముందు తనంతట తానే పడుకున్నాడు. తాత ఆఫీసరని చూడలేదు, కాళ్ళు కట్టాడు, నాలుగు బిళ్ళలూ కొట్టాడు, తొడ మీద చరిచి "లెయ్" అన్నాడు. ఆయన లేచాడు.

తర్వాత జరిగింది కమలాపురం మరిచిపోదు. ఆయన మోకాళ్ళు వంచి, వీపు కాస్త ముందుకు వాల్చి, ఒక్కసారి కాలితో తోశాడు. అంతే, నీళ్ళ మీద తెప్పలా సాగిపోయాడు. నాలుగేళ్ళు గట్టు మీద నిలబడి కళ్ళతో నేర్చుకున్నదంతా కాళ్ళలోకి దిగింది. మేస్త్రీ మనుషులు నోళ్ళు తెరిచారు. ఒక గోలు. రెండు. రాళ్ళ దొంతరల మీద జనం లేచి నిలబడ్డారు. మూడు. నాలుగోది కొట్టి ఆయన ఆగలేక మామ దొంతరల్లోకి వెళ్ళిపోయాడు. తర్వాత రాళ్ళ వెనకనుంచి ఒక కర్ర పైకి లేచింది. ఊరు ఊరంతా ఈల వేసింది. ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకుందామని వెళ్ళిన అయిదుగురమూ మళ్ళీ పడ్డాం.

పంక్తిలో లాడాలు విప్పకుండానే కాళ్ళు బార్లా చాపుకుని కూచుని, మంచుదొర రెండు సంగటి ముద్దలు తిన్నాడు. మూలుగ బొక్క అడిగి వేయించుకున్నాడు. "ఏమయ్యా, మనిషిని ఎంచుకోవడం తెలిసినవాడివి నువ్వు" అన్నాడు నాతో, పదిమందిలో. మర్నాడు పైకి పోయిన నాలుగు పేర్లలో మొదటిది నాదే (అక్షరక్రమంలో రాశాడని ఆదోని గుమాస్తా అంటాడు. రెండోది వాడిది).

ఇక ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలి. లాడాలు కావు. నాలుగు గోల్సు కూడా కావు, కావాలంటే ఒకటి తగ్గించుకుని ఆట సమానమైందనుకోండి. నేను కల్పించింది ఒక్కటే. మంచుదొరను ఆటలోకి పిలిచింది నేను కాదు. ఆ సమయానికి నేనొక రాళ్ళ దొంతరను రెండు చేతులా కావలించుకుని, కళ్ళు మూసుకుని, ఉద్యోగం పోయిందని అమ్మకు ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. పిలిచింది మా మామ. తన ఆవరణలో ఊరికే నిలబడ్డ మనిషిని ఆయన జన్మలో చూసి ఊరుకోలేదు. "ఏమప్పా సార్, ఉత్తగా నిలబడుకున్యావు. ఈళ్ళకు ఒకడు తక్కువ పడినాడు. వచ్చి ఆడరాదా?" అన్నాడు. మేనల్లుడు అడిగించాడని మంచుదొర అనుకున్నాడు. పంక్తిలో ఆయన నన్ను మెచ్చుకున్నప్పుడు మామ నా పక్కనే ఉన్నాడు. నేను దిద్దలేదు. మామా దిద్దలేదు, నా ఆకులో ఇంకొంచెం కూర వేయించాడు.

అప్పటినుంచీ ఇరవై ఏళ్ళు పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, ఆఫీసుల్లో ఈ కథ చెబుతూ వచ్చాను. మామ పక్కన ఉంటే, నేను జారుకుంటూ వెళ్ళి పిలిచే ఘట్టం రాగానే ఆకు నములుతూ, "అవునప్పా, మావోడే పిలిచినాడు" అనేవాడు. పోయినేడు ఆయన వెళ్ళిపోయాడు. ఇప్పుడు చెబుతుంటే ఆ చోటికి రాగానే అలవాటు కొద్దీ ఆగి పక్కకు చూస్తాను. ఇంత వయసొచ్చింది గానీ, సాక్షి లేకుండా అబద్ధం చెప్పాలంటే నాకు ఇప్పటికీ సిగ్గే.