మందుల అలమార వెనక వైఫై పెట్టె

మూడేళ్ల కిందటి మే నెల. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి నెట్‌వర్క్ చూసుకునే పని నాది. ఒకరోజు పొద్దున వైఫై సిగ్నళ్లు స్కాన్ చేస్తుంటే మా జాబితాలో లేని యాక్సెస్ పాయింట్ ఒకటి కనబడింది. యాక్సెస్ పాయింట్ అంటే వైఫై ఇచ్చే చిన్న పెట్టె. ఎవరో మాకు చెప్పకుండా దాన్ని మా నెట్‌వర్క్‌కు తగిలించారు. పాస్‌వర్డ్ లేదు. పార్కింగ్‌లో నిలబడ్డ ఎవరైనా రోగుల రికార్డుల దాకా రావచ్చు.

ల్యాప్‌టాప్ పట్టుకుని వార్డులన్నీ తిరిగాను. పెట్టెకు దగ్గరయ్యే కొద్దీ సిగ్నల్ పెరుగుతుంది. రెండో అంతస్తులో, గుండె వార్డును ఆనుకున్న మందుల గదిలో అది నిండుగా కనిపించింది. అలమార జరిపితే వెనక పాత వైఫై రౌటర్.

కబురు పెడితే మేనేజర్ వచ్చారు. ఆ గది తాళంచెవి ఊడ్చే కనకవ్వ దగ్గర ఉంటుంది. ఇంకేమీ అడగకుండా ఆమె మీద పడ్డారు. "రేపటి సంది డ్యూటీకి రాకు!"

"గా డబ్బేందో కూడ నాకు తెల్వది సారూ," అంది కనకవ్వ.

వార్డు నర్సు సరోజన గుమ్మంలోకి వచ్చింది. "అవ్వనేం అనకుండ్రి సార్. గా డబ్బ నేను పెట్టిన. మా ఇంట్లకెల్లి తెచ్చిన."

"నీ నౌకరి పోతది, ఎరుకేనా?"

"ఎరుకే సార్. తప్పు నాది."

ఎందుకు పెట్టావని నేను అడిగాను. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్ల ఈసీజీని ట్యాబ్ నుంచి కరీంనగర్ డాక్టరుకు పంపాలి. వార్డులో ఆసుపత్రి వైఫై సిగ్నల్ రాదంది. "పేషెంటును ఇడిసిపెట్టి సిగ్నల్ కోసం కిందికి ఉరుకుతుంటి అన్నా. మూడుపార్లు ఫిర్యాదు రాసిచ్చిన. ఒక్కరు రాలే."

ల్యాప్‌టాప్‌లో ఫిర్యాదులు తెరిచి చూశాను. మూడూ ఉన్నాయి. మూడింటి కిందా 'సిగ్నల్ బాగుంది' అని రాసి మూసేసింది నేనే. కింద ఆఫీసులో చూసి రాశాను, మెట్లెక్కలేదు.

ఆ మాట మేనేజర్‌కు అక్కడే చెప్పాను. ఆయన మూడు ఫిర్యాదులూ చదివారు. చివరికి కనకవ్వను పనిలోకి పొమ్మన్నారు. సరోజనకు ఒక హెచ్చరిక లేఖ, నాకు ఒకటి ఇచ్చారు. ఆమె తెచ్చిన రౌటర్ పీకేసి, సాయంత్రానికల్లా వార్డులో మా యాక్సెస్ పాయింట్ బిగించాను. సరోజన ఒక ఈసీజీ పంపి చూసి, "పోయింది అన్నా!" అని నవ్వింది.

ఆ రౌటర్ మీద ఎవరి పేరూ లేదు. ఆమె నోరు విప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. నౌకరీ పోతుందని తెలిసీ ముందుకొచ్చింది. ఇప్పటికీ అనుమతి లేని పెట్టె కనబడితే వెంటనే పీకేస్తాను. కానీ పెట్టినవాళ్ల పేరు అడిగే ముందు, వాళ్లకు ఏ పని ఆగిపోయిందో అడుగుతాను.